గొంగడి మీది రాళ్లు

మోత్కూరు ఆముదాల మిల్లులో తూకం వేసే ముసలాయన మంచం పట్టి నెల దాటింది. ఆ నెల రోజులూ కాంటా దగ్గర నిలబడ్డది ఐలేశమే. అసలు అతని పని హమాలీ. బండి మీది బస్తా వీపు మీదికి తీసుకోవడం, గోదాములో దించడం, మళ్లీ బండి దగ్గరికి రావడం. కానీ మూడేళ్లుగా ముసలాయనకు చూపు ఆనక, ముల్లు ఎక్కడ నిలిచిందో పక్కనుండి చెప్పేవాడు ఐలేశమే కాబట్టి ఆ పని అతనికి ఎప్పుడో అలవాటైంది. సేర్లూ మణుగులూ పోయి కిలోలు వచ్చిన ఏడు, మోత్కూరులో సగం మంది వ్యాపారులు తలలు పట్టుకుని కూర్చుంటే, ఐలేశం నాలుగు రోజుల్లో లెక్క పట్టేశాడు. మణుగంటే ఎన్ని కిలోలని ఏ రైతు అడిగినా నోటితోనే చెప్పేవాడు.

అతని తూకానికి ఒక పద్ధతి ఉంది. బస్తా ఒక పళ్లెంలో కూర్చుని, రెండో పళ్లెంలో ఇనప గుండ్లు సరిపోయాక, అతను రెండడుగులు వెనక్కి వేసి రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. పళ్లేన్ని గాని గొలుసును గాని తన వేలు తాకడం లేదని రైతుకు కనబడాలి. ముల్లు ఊగి ఊగి ఆగేదాకా ఆ చేతులు దిగేవి కావు. మిగతా హమాలీలు దొంగ దొరికిండని నవ్వేవాళ్లు. రైతులు మాత్రం కాంటా కాడ ఎవరున్నరని అడిగి, ఐలేశమని తెలిస్తేనే బండి లోపలికి తోలేవారు.

ఆ సోమవారం పొద్దున సేటు అతన్ని గద్దె దగ్గరికి పిలిచాడు. ముసలాయన ఇక లేవడని, కాంటాకు పక్కా మనిషి కావాలని, జీతం నెలకు నలభై అయిదు రూపాయలని, గోదాము తాళపు చెవులు కూడా ఆ మనిషి దగ్గరే ఉంటాయని చెప్పాడు. హమాలీలలో అంకెలు రాయడం వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకడు ఐలేశం, ఇంకొకడు అతని అన్న పెద్దులు. ఇద్దరిలో ఎవరన్నది గుమాస్తా వాళ్ల ఊరికి పోయి విచారించి వచ్చాక తేలుతుంది.

విచారణ అంటే ఏమిటో కూడా సేటే చెప్పాడు. తాగుతాడా, కొట్లాటలకు పోతాడా, అవన్నీ తనకు అక్కర్లేదట. ఊళ్లో ఎవరికైనా బాకీ ఉన్నాడా, అదొక్కటే కావాలట.

"బాకీ ఉన్నోని చేతికి నేను తాళం ఇయ్య. వాని అప్పుల బాధకు నా బస్తాలు పోతయి" అన్నాడు సేటు.

ఐలేశం తల ఊపి వచ్చి మళ్లీ కాంటా దగ్గర నిలబడ్డాడు. అతనికి భయం వేయలేదు. తన గురించి చెడ్డ మాట చెప్పే మనిషి ఆ ఊళ్లో ఒక్కడంటే ఒక్కడు లేడు. పిచ్చివాడు, అదే చాలనుకున్నాడు.

సాయంత్రం రెండు కోసుల దారి నడిచి ఇల్లు చేరేసరికి కుడి మోకాలు బూరెలా పొంగింది. బస్తాలు మోయడం ఆపకపోతే ఏడాది తిరిగేసరికి కర్ర పట్టుకుని నడవాల్సి వస్తుందని దవాఖానలో కంపౌండరు ముందే చెప్పాడు. ఆ మాట ఐలేశం ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా గోపమ్మకు కళ్లున్నాయి. ఉన్ని వడుకుతున్న రాట్నం పక్కకు జరిపి, ఉప్పు వేసి కాచిన నీళ్లు తెచ్చి, మొగుని మోకాలి మీద గుడ్డ తడిపి వేస్తూ నౌకరి సంగతి అంతా విన్నది.

"అయితే ఏడాదిల రెండు రాళ్లు పోతయి. ఉన్న తొమ్మిది గొర్లన్న మిగులుతయి" అన్నది.

రాళ్లంటే ఐలేశం మొలలో, పంచె ముడిలో ఉన్న రెండు గులకరాళ్లు. గొర్రెలు కాచుకునే ఆ వాడలో అది తాతల నాటి పద్ధతి. మనిషి పోయాక దినాల నాడు, వచ్చినవాళ్లకు బువ్వ పెట్టకముందే, వాకిట్లో నల్ల గొంగడి పరుస్తారు. పోయిన మనిషి ఎవరికైనా బాకీ ఉన్నాడా అని కులపెద్ద కాటమయ్య మూడుసార్లు అడుగుతాడు. రావలసినవాళ్లు తలా ఒక గులకరాయి గొంగడి మీద పెట్టి, ఎంత రావాలో పదిమందిలో చెప్తారు. ఆ రాళ్లు కొడుకులు ఎత్తి మొలలో కట్టుకుంటే బాకీ తమ నెత్తిన వేసుకున్నట్టు. కాగితం లేదు, వేలిముద్ర లేదు. తీర్చిన రోజు కాటమయ్య ముందర ఆ రాయి ఎవరిది వాళ్ల చేతిలో పెడితే, వాళ్లు దాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరేస్తారు. అంతటితో సరి.

నాలుగేళ్ల కిందట తండ్రి కురుమయ్య పోయినప్పుడు గొంగడి మీద అయిదు రాళ్లు పడ్డాయి. పట్నం దవాఖానలో మూడు నెలలు ఉంచితే పడక ఏమవుతాయి? మొదట పెద్ద కొడుకు వంగాలి. పెద్దులు వంగలేదు. బాపు నాకు చెప్పి తెచ్చిండా అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాటమయ్య రెండోసారి అడిగాడు. బంతిలో విస్తళ్లు వేసి ఉన్నాయి, అన్నం ఆరిపోతోంది, వచ్చినవాళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు ఐలేశం వంగి అయిదు రాళ్లూ తనే ఎత్తాడు. అన్న పాలు కూడా ఎత్తాడు. ఈ నాలుగేళ్లలో మూడు రాళ్లు తీరాయి. ముప్ఫై గొర్రెల మంద తొమ్మిదికి వచ్చింది. ఐలేశం భుజం మీది నుంచి కట్టె పోయి వీపు మీదికి బస్తా వచ్చింది.

"ఆదివారం ఎల్లేశం బావ దినాలు. మన గొర్రె సంగతి మర్షిపోకు" అని గోపమ్మ గుర్తు చేసింది. అదే వాడలోని ఎల్లేశం జ్వరం తగిలి పదిరోజుల్లో పోయాడు. నిరుడు రోగం వచ్చి అతని మంద తుడిచిపెట్టుకుపోతే ఐలేశం తన మందలోంచి చూడి గొర్రె ఒకటి అప్పుగా ఇచ్చాడు. అది నలభై రూపాయల సొత్తు. అది చేతికొస్తే ఒక రాయి తీరుతుంది. జీతం వస్తే రెండోది తీరుతుంది. మొగుడూ పెళ్లాలు ఆ రాత్రి గటక తాగుతూ ఈ లెక్కే వేసుకున్నారు.

తిన్నాక ఐలేశం కాటమయ్య ఇంటికి పోయి, మిల్లు గుమాస్తా వస్తాడని, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమని అడిగాడు. కాటమయ్యకు డెబ్బై దాటినా గొంతు మందను మలిపే గొంతే. నీ గురించి నాకు ఒకరు నేర్పాల్నారా అని నవ్వాడు.

గుమాస్తా బుధవారం మధ్యాహ్నం సైకిలు మీద వచ్చాడు. ఐలేశం అప్పుడు మిల్లులో ఉన్నాడు. ఏం జరిగిందో గోపమ్మ చెప్తేనే తెలిసింది. ఆమె వాకిట్లోనే ఎదురుచూస్తూ ఉంది. అతను కాళ్లు కడుక్కునేదాకా కూడా ఆగలేదు.

కాటమయ్య గుమాస్తాకు మంచం వేయించి, మేకపాలతో చాయ పెట్టించాడట. గుమాస్తా బుక్కు తెరిచి పెన్సిలు నాలుకకు అద్దుకుని, ఐలేశానికి బాకీలేమన్నా ఉన్నాయా అని అడిగాడట. అంతే, కాటమయ్య మొదలుపెట్టాడు. ఇట్లాంటి మనిషిని నేను నా పుట్టువుల చూడలేదన్నాడట. తండ్రి అప్పులు అయిదు రాళ్లు పడితే, అన్న ఎనకకు జరిగితే, అన్న పాలు గూడ ఎత్తుకున్న కొడుకన్నాడట. మందనమ్మి మూడు తీర్చిండు, ఇంక రెండున్నయి, పాణం పోయినా ఆ రెండు తీర్చేదాక ఆ ముడి ఇప్పడన్నాడట. ఏ రాయి ఎవరిది, ఎంత, ఎప్పుడు తీరింది, మిగిలినవి ఎవరెవరివి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడట.

"ఆయిన జెప్తాంటె గుమాస్తా రాసుడే రాసుడు. తల్కాయ ఎత్తలే. రెండు కాయిదాలు నింపిండు" అన్నది గోపమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో తన మొగుని గురించి బయటి మనిషి కూర్చుని రాసుకుని పోవడం ఆమె చూడలేదు.

పెద్దులు గురించి అడిగాడా అన్నాడు ఐలేశం.

అడిగాడట. కాటమయ్య మొఖం చిట్లించి, వానికేం బాకీ, వాడెవ్వనికి బాకీ లేడు, ఒక్క రాయి ఎత్తిండా అని ఉమ్మేశాడట. గుమాస్తా ఒక్క వరుస రాసి బుక్కు మూసేశాడట.

ఒక్క వరుసే అని గోపమ్మ వేలు చూపించి నవ్వింది. ఐలేశం కూడా నవ్వాడు. అన్న మీద అతనికి కోపం లేదు, కానీ నవ్వొచ్చింది. ఆ పూట ఆమె కోడిగుడ్డు ఉడకబెట్టింది.

శుక్రవారం పొద్దున బండ్లు లోపలికి రాకముందే సేటు ఇద్దరినీ పిలిచాడు. గుమాస్తా బుక్కు సేటు ముందర తెరిచి ఉంది. సేటు అద్దాలు పెట్టుకుని ఆ రెండు కాగితాలూ తిప్పాడు. పేర్లు, మొత్తాలు, పైకి చదివాడు. ఎంత పొల్లు లేకుండా ఉన్నాయంటే, ఐలేశం ప్రతిదానికీ అవునవునని తల ఊపుతూ నిలబడ్డాడు. చదవడం అయ్యాక సేటు డ్రాయరు లాగి, ఇనప కడియానికి గుచ్చిన తాళపు చెవులు తీసి పెద్దులు చేతికి ఇచ్చాడు.

సేటు పొరపాటున ఇచ్చాడనుకున్నాడు ఐలేశం. పెద్దులు కూడా అట్లాగే అనుకున్నాడేమో, చెవులు అరచేతిలో పట్టుకుని తమ్ముడి వైపు చూశాడు.

"నీకు ఇంక రెండు బాకీలున్నయి గద, ఐలేశం" అన్నాడు సేటు.

"అవి నా బాపు చేసినయి సేటూ. నేను తిన్నయి గావు."

"మరి నువ్వెందుకు ఎత్తినవ్?"

ఎందుకెత్తావని ఇంతవరకూ ఐలేశాన్ని ఎవరూ అడగలేదు. ఎత్తకపోతే అడుగుతారు గాని, ఎత్తితే అడిగేదేముంది? అతను మూడు తీర్చిన సంగతి చెప్పాడు. ఆ మాట కూడా బుక్కులో ఉందని సేటు వేలు పెట్టి చూపించాడు. సేటు చెడ్డవాడేం కాదు. కసురుకోలేదు, ఎగతాళి చేయలేదు. తూకం నీయంత మంచిగ ఎవరికీ రాదని తనే అన్నాడు. అయినా తన పద్ధతి తనదే. ఒకణ్ణి మంచోడని వదిలితే రేపు అందరూ మంచోళ్లమనే వస్తారట, బాకీ ఉన్నదా లేదా అన్నదొక్కటే తనకు తెలుస్తుందట. బాకీ లేనివాడు పెద్దులు. కాబట్టి తాళం పెద్దులుది.

గుమాస్తా బయటికి వస్తూ ఐలేశంతో ఇంకో మాట చెప్పాడు. ఎల్లేశం భార్య గుర్వమ్మకు ఆముదాలు చెరిగే పని ఇప్పించమని ఐలేశమే అతన్ని అడిగి ఉన్నాడు. ఇకనుంచి ఆడకూలీలను కూడా ఊళ్లో బాకీలు విచారించే పెట్టుకోమని సేటు హుకుం ఇచ్చాడట. సోమవారం వచ్చి ఆమె సంగతి అడిగిపోతానన్నాడు.

ఆ రోజు పదహారు బండ్లు వచ్చాయి. కాంటా దగ్గర పెద్దులు నిలబడ్డాడు. ఐలేశం బస్తా తెచ్చి పళ్లెంలో దించాలి, తూకం అయ్యాక మళ్లీ ఎత్తుకుని గోదాములో వేయాలి. మొదటి బస్తా దించి, అలవాటు కొద్దీ ముల్లు వైపు తల తిప్పాడు. పెద్దులు వెనక్కి జరగలేదు. చేతులు ఎత్తలేదు. గుండ్లు పెట్టిన పళ్లెం గొలుసు మీద అతని బొటనవేలు ఆనుకునే ఉంది. బలంగా నొక్కడం లేదు, ఊరికే చేయి ఆనించినట్టు ఉంది. ముల్లు తొందరగా ఆగింది.

"డెబ్బై ఆరు" అన్నాడు పెద్దులు.

డెబ్బై ఎనిమిదికి తక్కువ ఉండదని ఐలేశం వీపుకు తెలుసు. నాలుగేళ్లు మోసిన వీపు అది. రైతు ముసలాడు, సరేనన్నాడు. ఐలేశం నోరు విప్పితే నౌకరి రాలేదని కడుపుమంట అంటారు. బస్తా ఎత్తుకుని మెట్లెక్కుతుంటే మోకాలు కలుక్కుమంది. పెద్దులు వెనకనుంచి, పైలం తమ్ముడా, నిమ్మళంగ పో అన్నాడు. ఆ మాట ఎందుకో తిట్టుకన్నా ఎక్కువ కాలింది.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ఒకే దారిన నడిచారు. పెద్దులు నడుములో తాళపు చెవులు చప్పుడు చేస్తున్నాయి. ఊరి పొలిమేర దగ్గర అతనే, నేను సేటును అడగలేదు, వాళ్లే పిలిచిండ్రు అన్నాడు. నిజమే, అడగలేదు. రాళ్లు ఎత్తమని కూడా తమ్ముణ్ణి అడగలేదు అతను. ఐలేశం, మోకాలు నొస్తాంది అన్నా, నువ్వు ముంగట నడువు అని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

గోపమ్మ ఏడవలేదు. ముందు నమ్మలేదు, నమ్మాక తిట్టింది. సేటును కాదు, కాటమయ్యను. ముసలోడు మన కొంప ముంచిండని వాడంతా వినబడేటట్టు అరిచింది. ఆ అరుపు కాటమయ్య ఇంటిదాకా పోనే పోయింది. మర్నాడు పొద్దున ఆయన కర్ర పట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, ఐలేశం చెప్పింది మొదటినుంచీ విన్నాడు. విని, మళ్లీ చెప్పమన్నాడు. 

"నేను మంచిగనే జెప్పిన గదరా" అన్నాడు.

"మంచిగనే జెప్పినవ్ పెద్దబాపూ."

"ఒక్క ముచ్చట అబద్దం జెప్పలే."

"చెప్పలే" అన్నాడు ఐలేశం.

మిల్లుకు వచ్చి సేటుతో మాట్లాడతానన్నాడు ముసలాయన. ఆ రాళ్లంటే ఏమిటో సేటుకు తెలియక ఇట్లా జరిగి ఉంటుందని, విడమరిచి చెప్తే తెలుస్తుందని ఆయన ఆశ. ఐలేశం వద్దన్నాడు. సేటుకు అంతా తెలిసిందని, తెలిసే చేశాడని చెప్పలేక, బండ్ల సీజను, తీరిక ఉండదు అన్నాడు. కాటమయ్య పోతూ పోతూ ఐలేశం మొల వైపు ఒకసారి చూశాడు.

ఆదివారం ఎల్లేశం వాకిట్లో గొంగడి పరిచారు. వాడ మొత్తం వచ్చింది. పెద్దులు కూడా వచ్చాడు, కొత్త తువ్వాలు భుజం మీద వేసుకుని వెనక వరుసలో నిలబడ్డాడు. తాళపు చెవులు ఇంటి దగ్గర పెట్టి రాలేదు. ఎల్లేశానికి మగపిల్లలు లేరు. ఒక్క ఆడపిల్ల, అదీ పాలు మానని పిల్ల. కొడుకులు లేనిచోట రాళ్లు పెండ్లామే ఎత్తుతుంది. గుర్వమ్మను లోపలినుంచి తీసుకొచ్చి గొంగడికి ఇవతల కూర్చోబెట్టారు.

కాటమయ్య రెండుసార్లు అడిగాడు. ఎప్పటి గొంతు కాదది, ముందు వరుసకే సరిగా వినబడలేదు. గడ్డి అమ్మిన రైతు వచ్చి ఒక రాయి పెట్టి పాతిక రూపాయలన్నాడు. తర్వాత ఉప్పలమ్మ వచ్చింది. వాడ చివర గుడిసెలో ఒక్కతే ఉండే ముసలిది. కోతలకు పోయి కూలి గింజలు తెచ్చుకుని కుండలో దాచుకుంటుంది. ఎల్లేశం జ్వరంతో పడి ఉన్నప్పుడు ఇంట్లో గింజ లేకపోతే ఇచ్చింది. నాలుగు కుంచాల జొన్నలు అని చెప్పి, రాయిని గొంగడి మీద పెట్టి, అది దొర్లకుండా వేలితో సర్దింది.

గోపమ్మ మోచేత్తో పొడిచింది. ఐలేశం ముందుకు పోయి తన రాయి పెట్టాడు.

"ఒక గొర్రె. కడుపుతోని ఉండె" అన్నాడు.

మొత్తం మూడు రాళ్లు. గుర్వమ్మ వాటిని చూసింది. ఎట్లా తీర్చాలో ఆమెకు తెలియదు, ఆ సంగతి ఆమె మొఖం మీదే ఉంది. ఉన్న ఆశల్లా గుమాస్తా వచ్చిపోయాక మిల్లులో దొరికే చెరుగుడు పని. అయినా ఆమె ఆలోచించలేదు. కొంగు నడుముకు దోపుకుని, గొంగడి మీదికి వంగి, ముందు ఉప్పలమ్మ రాయి వైపు చేయి చాపింది.

"తియ్యకు వదినె" అన్నాడు ఐలేశం.

ఆమె చేయి ఆగింది. ఆ మాట అన్నది పెద్దులు అయితే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. గోపమ్మ అతని చేయి పట్టుకుని గుంజింది. అతను ఆ చేయి విడిపించుకున్నాడు.

"రేపు మిల్లు గుమాస్తా అస్తడు. ఎత్తినోళ్ల పేర్లే రాసుకుంటడు. ఎత్తనోళ్లకు తాళాలిస్తడు. నీకొక పిల్ల ఉన్నది. తియ్యకు."

వెనక వరుసలో పెద్దులు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. గుర్వమ్మ చేయి గొంగడి మీద అట్లాగే ఉంది. ఆమె కాటమయ్య వైపు చూసింది. తియ్యమంటే తీస్తుంది, ఆ ముసలాయన ఒక్క మాట అంటే చాలు. కాటమయ్య మూడోసారి అడగాలి. అడగకుండా ఆయన కర్ర పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, గొంగడి కొసలు పట్టుకుని దులిపేశాడు. మూడు రాళ్లూ వాకిట్లో పడి, మట్టిలో ఉన్న మిగతా రాళ్లలో కలిసిపోయాయి. అరవై ఏళ్లలో ఆయన చేతుల మీదుగా అట్లా జరగడం అదే మొదలు.

గడ్డి రైతు ఏదో గొణిగి, తుండు దులుపుకుని, తినకుండా వెళ్లిపోయాడు. గుర్వమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. బువ్వ వడ్డించండి అని ఎవరో అన్నారు. జనం లేచి విస్తళ్ల వైపు కదిలారు.

ఉప్పలమ్మ మాత్రం కదల్లేదు. గొంగడి పరిచిన చోట నేల మీద కూర్చుని, రెండు చేతులతో మట్టి తడుముతోంది. ఒక రాయి తీసి చూసి పారేసి, ఇంకొకటి తీస్తోంది. ఐలేశం దగ్గరికి వచ్చేసరికి తలెత్తింది.

"మరి నా జొన్నలు, కొడుకా?" అని అడిగింది.

ఆ సంగతి అతను ఆలోచించలేదు. గుర్వమ్మ చేయి చూశాడు, బుక్కు తలుచుకున్నాడు, నోటికొచ్చింది అనేశాడు. సేటు తనకు ఎట్లా చేశాడో తాను ఈ ముసలిదానికి అట్లానే చేశాడని అప్పుడు తెలిసింది. గొర్రె పోయింది తనది, పోనీ. ఈమె కుండలో గింజలు ఇంకో మనిషి నోటి మాటతో పోవడం ఏం న్యాయం?

మోకాలు సహకరించకపోయినా మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న గులకరాళ్లలో ఒకటి తీశాడు. ఉప్పలమ్మదో కాదో తెలియదు. పంచె ముడి విప్పి, ఉన్న రెండింటి పక్కన దాన్ని పెట్టి, మళ్లీ బిగించి కట్టాడు.

"నా పేరెట్లాగు రాసిండ్రు గదవ్వా. ఇంకొకటైతే ఏమాయె" అన్నాడు.

గోపమ్మ నిలబడే చూసింది. విస్తళ్ల దగ్గరికి పోకుండా, గొర్లకు నీళ్లు పెట్టాలని చెప్పి ఇంటి దారి పట్టింది. దారి పొడుగునా ఆమె కొంగుతో మొఖం తుడుచుకుంటూనే ఉంది.

సోమవారం పొద్దున ఐలేశం మోత్కూరుకు నడుస్తుంటే సగం దారిలో గుమాస్తా సైకిలు ఎదురొచ్చింది. ఐలేశాన్ని చూసి ఆగి, ఒక కాలు నేలకు ఆనించాడు. ఊళ్లోకి పోయే పని తప్పుతుందేమోనని అతనికి ఆశ కలిగినట్టుంది. ఆ గుర్వమ్మకు బాకీలేమన్నా ఉన్నాయా అని అక్కడే అడిగాడు.

"ఏం లేవయ్యా" అన్నాడు ఐలేశం.

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ లేదు. ఆమె ఒక్క రాయి ఎత్తలే."

గుమాస్తా జేబులోంచి బుక్కు తీసి, పెన్సిలు నాలుకకు అద్దుకుని, హ్యాండిలు మీద పెట్టుకునే ఒక్క వరుస రాశాడు. రేపటినుంచి ఆమెను పనికి రమ్మను అని చెప్పి, సైకిలు మలుపుకుని మోత్కూరు వైపు వెళ్లిపోయాడు. ఐలేశం మొల ముడి సర్దుకుని, కుడి కాలు ఈడ్చుకుంటూ అతని వెనక నడిచాడు. అప్పటికే మిల్లు ముందర బండ్లు వరుస కట్టి ఉంటాయి.